సదుద్దేశంతో చేసిన పని

స్కూలు వెనక వీధి,
మేడ మీది గది

తమ్ముడూ,

ఫోన్ చేసి చేసి విసిగిపోయి ఉంటావు. నువ్వు "అక్కా" అనగానే ఏడుపు ముంచుకొచ్చి ఫోన్ పెట్టేస్తున్నాను. రాస్తూ ఏడిస్తే నీకు వినపడదు కదా అని ఇలా మొదలుపెట్టాను. ఎడమ మోచేతి పైన కుట్లు వేశారు, కాగితం కదలకుండా పట్టుకోవడం కుదరట్లేదు. రాత కోడి గెలికినట్టుందని చిన్నప్పటిలా వెక్కిరించావంటే ఊరుకోను.

పేపర్లో రాసింది వదిలెయ్. నేను చూసింది చెబుతాను.

మధ్యాహ్నం తిండి గంట కొట్టాక వచ్చాడు వాడు, గొడ్డలి పట్టుకుని. వాడి తన్నులు పడలేక పెళ్లాం విడిగా వచ్చేసి, కొడుకుని మా బళ్లో ఆరో తరగతిలో చేర్చింది. ఆ పిల్లాణ్ణి లాక్కుపోవడానికి వచ్చాడు. గేటు ఎప్పటిలాగే బార్లా తెరిచి ఉంది. గేటు దగ్గర కూర్చునే తాత "ఎవరు కావాలి నాయనా?" అని అడిగాడు. అడిగింది అంతే. మెడ మీద వేశాడు. తాత కుర్చీలోంచి లేవనైనా లేవలేదు. కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న పిల్లల చొక్కాల మీద రక్తం చిమ్మితే, ఎవరో సిరా చల్లారనుకుని తిట్టుకున్నారట పాపం.

నేను ఎనిమిదో తరగతి గదిలో లెక్కల పుస్తకాలు దిద్దుతున్నాను. పిల్లలు కొందరు అక్కడే తింటున్నారు. కేకలు విని తలుపు మూసి గడియ కోసం తడుముకున్నాను. లేదు. బయట ఉంది. మా బళ్లో గడియలన్నీ బయటే, బల్లలు దొంగలెత్తుకుపోకుండా. బల్లల మీదున్న శ్రద్ధ పిల్లల మీద ఎవడికీ లేకపోయింది. వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాను. కొడుకు లోపలే ఉన్నాడనుకుని వాడు తలుపుని నరకడం మొదలెట్టాడు. మొదట చెక్క చీలింది. ఆ తర్వాతి దెబ్బకి గొడ్డలి మొన లోపలికొచ్చి నా చేతిని చీల్చేసింది. ఎముక తెల్లగా కనిపించిందిరా. నాదేనా అని ఆశ్చర్యపోయాను, నిజం.

మా క్లాసులో ఒక పిల్ల ఉంది, అందరం వసపిట్ట అంటాం. ఆ నోటికి సెలవంటూ లేదు. ఆ పూట కూడా కిటికీ వార నక్కి, "మేడం, ఇంకా ఇక్కడే ఉన్నాడు... మేడం, కాళ్లు తీయకండి... డ్రిల్లు మాస్టారు వస్తున్నారు మేడం" అని చెబుతూనే ఉంది. ఆ గొంతు వింటూనే నిలబడగలిగాను. డ్రిల్లు మాస్టారు ఆటల సామాన్లోని ఇనప గుండు విసిరి వాడి మోకాలు విరగ్గొట్టాడు. పెనుగులాటలో వాడు చచ్చాడని పేపర్లో చదివే ఉంటావు.

నువ్వు పొద్దస్తమానం కూర్చుని రాసేది చట్టాలే కదా. బళ్ల రక్షణకి కొత్త చట్టం తెస్తామని మీ పెద్దలు అంటున్నారట. నాకు తుపాకులూ వద్దు, కెమెరాలూ వద్దు. తలుపుకి లోపల గడియ కావాలి. అది రాయించు చాలు.

అక్క


న్యాయశాఖ కార్యాలయం,
ముసాయిదాలు రాసే గది

అక్కా,

నీ ఉత్తరం నీ మరదలికి చదివి వినిపిద్దామని మొదలుపెట్టి, ఎముక దగ్గర ఆగిపోయాను. తను లాక్కుని మిగతాది చదివింది. అన్నం మానేసి నన్ను వెంటనే బయల్దేరమంది. వచ్చేవాణ్ణే. ఈలోపు ఆ బిల్లు తెచ్చి నా బల్ల మీదే పడేశారు. "మీ అక్కగారిది ఆ బడేనటగా, మీరైతే మనసుపెట్టి రాస్తారు" అన్నారు మా పై అధికారి. సభ మొదలయ్యేలోపు కావాలట. వాళ్లకి చట్టమంటే పకోడీల పొట్లం లెక్క, ఇలా అడిగితే అలా కట్టి ఇవ్వాలి.

మనసుపెట్టే రాశాను అక్కా. నీ గడియ నాలుగో సెక్షన్. ప్రతి తరగతి గది తలుపుకీ లోపలి గడియ ఉండి తీరాలి. "లోపలి" అన్న మాట కింద గీత గీసి మరీ పంపాను, ఎవడైనా కొట్టేస్తాడేమోనని. బడికి ఒకటే గేటు. నెలకోసారి అభ్యాసం: గంట ఆగకుండా మోగితే పిల్లలంతా గడియ పెట్టుకుని కిక్కురుమనకుండా కూర్చోవాలి. బడికొక భద్రతాధికారి. ఈ పదవి మీ డ్రిల్లు మాస్టారిని చూసే పుట్టిందని చెప్పు ఆయనకి. ఆయన ఫొటో మంత్రిగారి గదిలో ఉంది.

చివరి సెక్షన్లకి పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు. మా దగ్గర పద్ధతే అది. ఏ చట్టానికైనా తోక ఒకటే, పాతదాంట్లోంచి కోసి కొత్తదానికి అతికిస్తాం. 'పాఠశాల భద్రత కోసం సదుద్దేశంతో, అవసరమైన బలం ఉపయోగించి చేసిన ఏ పనికైనా ఏ పాఠశాల ఉద్యోగి మీదా కేసు పెట్టరాదు.' రేపు నువ్వెవణ్ణైనా గొడ్డలివాణ్ణి తోసేస్తే, వాడొచ్చి నీ మీద కేసు పెట్టకుండా అన్నమాట.

కుట్లు విప్పాక బరువులు ఎత్తకు. లెక్కల పుస్తకాల కట్ట కూడా బరువే.

తమ్ముడు


స్కూలు, ఉపాధ్యాయుల గది

ఒరేయ్ తమ్ముడూ,

మీ చట్టం మా బడికి వచ్చేసింది. ప్రతి తలుపుకీ లోపల నిగనిగలాడే గడియ. బిగించిన రోజు పిల్లలు దాన్ని వేసి తీసి, వేసి తీసి, చూస్తుండగానే ఒకదాని మేకులు ఊడగొట్టారు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. నా తమ్ముడు రాశాడని స్టాఫంతా విసుక్కునేదాకా చెప్పుకున్నాను.

ఇప్పుడు రాసేది వేరే సంగతి.

డ్రిల్లు మాస్టారు భద్రతాధికారి అయ్యాడు. దొరల నాటి జమాదారులా నల్లకోటు, నడుముకి ఇనప రాడ్డు. మొదట్లో సంచులు వెతికాడు, మంచిదే అనుకున్నాం. ఆ తర్వాత ఆలస్యంగా వచ్చినవాళ్లని గేటు లోపల కంకర మీద మోకాళ్లేయించాడు. పోయిన వారం తొమ్మిదో తరగతి కుర్రాడొకడు గోడ దూకాడు. వాడి అరచెయ్యి నేల మీద పెట్టించి బూటు మడమతో తొక్కాడు. వేళ్లు చిట్లిన చప్పుడు నేను వరండా ఈ చివర్నుంచి విన్నాను. గోళ్ల కింద నుంచి రక్తం కారుతుంటే ఆ కుర్రాడు అరవడం మానేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "గోడ దూకేవాడు ఎవడైనా నాకు గొడ్డలివాడే" అన్నాడు మాస్టారు. హెడ్మాస్టరు గారు గదిలోంచి బయటికి రాలేదు.

నీకు మొదటి ఉత్తరంలో ఒకటి రాయలేదు. ఆ రోజు మోకాలు విరిగాక గొడ్డలివాడు వెల్లకిలా పడ్డాడు. గొడ్డలి దూరంగా ఎగిరిపోయింది. వాడు రెండు చేతులూ ఎత్తి "చాలు, చాలు" అన్నాడు. మాస్టారు వెళ్లి ఆ గుండు తెచ్చి వాడి ముఖం మీద దించాడు. ఎత్తి మళ్లీ దించాడు. ముఖమనేది లేకుండా పోయేదాకా దించాడు. పెనుగులాటా లేదు, గాడిదగుడ్డూ లేదు. మేమంతా కిటికీల్లోంచి చూసి చప్పట్లు కొట్టాం. గేటు దగ్గర కుర్చీలో తాత శవం అలాగే ఉంది మరి, ఎవరికి జాలి పుడుతుంది? నేనూ కొట్టాను, నెత్తురు కారుతున్న చేత్తోనే. కానీ ఆయన లేచి మా వైపు తిరిగినప్పుడు ఆ ముఖంలో ఉన్నది అలసట కాదురా. తీరిగ్గా తిని లేచిన మనిషి ముఖంలా ఉంది. అది నన్ను ఇప్పటికీ వదలట్లేదు.

ఇతన్ని ఆపడానికి మీ చట్టంలో ఏముందో చూసి రాయి. తొందరగా రాయి.

అక్క


న్యాయశాఖ కార్యాలయం,
రెండో అంతస్తు

అక్కా,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. నాకు పై అంతస్తులో వేరే గది ఇచ్చారు. కుర్చీకి చక్రాలున్నాయి. ఈ బిల్లు పుణ్యమే. మంత్రిగారు ఎక్కడికి వెళ్లినా ఇదే మాట్లాడుతున్నారు.

నీకు కోపం వస్తుందని తెలుసు, అయినా అంటాను. బడి మీదికి ఒకడు గొడ్డలితో వచ్చాక కొన్నాళ్లు అందరూ కాస్త గట్టిగానే ఉంటారు. ఆ మాస్టారే లేకపోతే ఇవాళ నువ్వూ లేవు, నీ ఎనిమిదో తరగతీ లేదు. గోడ దూకిన కుర్రాడి విషయం తప్పే. హెడ్మాస్టరు గారికి రాసివ్వు. చట్టంలో దీనికంటూ విడిగా సెక్షనేమీ లేదు. సదుద్దేశం లేదని తేలితే రక్షణ ఉండదు. తేల్చాల్సింది ఎవరంటావా, ముందు శాఖవాళ్లే విచారిస్తారు.

బిల్లు చర్చకొచ్చిన రోజు సభలో ఒక ముసలి సభ్యుడు లేచి, "పిల్లల మీద కూడా ఈ బలం వాడొచ్చా?" అని అడిగాడు. మంత్రిగారు వెనక్కి తిరిగి నా వైపు చూశారు. 'మామూలు సెక్షనేనండీ, అన్ని చట్టాల్లోనూ ఉండేదే' అని చీటీ రాసి అందించాను. అది నిజమే కదా. మంత్రిగారు అదే చదివారు, ముసలాయన కూర్చుండిపోయాడు.

ఎవరితోనూ గొడవ పెట్టుకోకు. నీ నోరు ఊరుకోదని నాకు తెలుసు. నాన్న పోయాక నాకు పెద్దదిక్కువి నువ్వే, అది మర్చిపోకు.

తమ్ముడు


ప్రభుత్వాసుపత్రి,
పిల్లల వార్డు వరండా

తమ్ముడూ,

నేను చేసింది నీకు ఈపాటికే ఎవరో చేరవేసి ఉంటారు. నా నోటితో కూడా విను.

మొన్న నెలవారీ అభ్యాసం. గంట మోగింది, గడియ పెట్టాను, పిల్లలంతా బల్లల కింద దూరారు. బయట మాస్టారు రాడ్డుని గోడకి రాసుకుంటూ తిరుగుతున్నాడు, ఎవరు చప్పుడు చేస్తారా అని. ఆ రాపిడి వినేసరికి వసపిట్టకి ఆ రోజు తిరిగొచ్చేసింది. కిటికీ వార చేరి, కళ్లు పెద్దవి చేసుకుని, "మేడం, ఇంకా ఇక్కడే ఉన్నాడు... మేడం, కాళ్లు తీయకండి" అని మొదలెట్టింది. నోరు మూశాను. నా వేళ్ల సందుల్లోంచి కూడా అంటూనే ఉంది. 

"భద్రతాధికారిని, తలుపు తీయండి" అన్నాడు. తీయకపోతే నేరం, నువ్వు రాసిందే. తీశాను.

జుట్టు పట్టుకుని లాక్కుపోయాడు. నేను కోటు పట్టుకుంటే మోచేత్తో నా రొమ్ము మీద పొడిచాడు, ఊపిరి ఆడక కూలబడ్డాను. ఆ పిల్లని ఆటల గదిలోకి విసిరేసి, లోపల గడియ పెట్టుకున్నాడు. నేనడిగిన గడియే. తలుపు మీద రెండు చేతులతో బాదాను. లోపల ఏదో మెత్తటి దాని మీద ఇనుము పడుతున్న చప్పుడు. "మాట్లాడతావా? మాట్లాడతావా?" అని అతని గొంతు. ఆ పిల్ల ముందు "సార్" అంది, తర్వాత "మేడం" అంది, ఆ తర్వాత మాటలు కాని చప్పుళ్లు వచ్చాయి. హెడ్మాస్టరు గారు వచ్చి "అభ్యాసం అయ్యేదాకా ఆగండి మేడం" అన్నారు. అలా అన్నారురా.

పక్క కిటికీ అద్దం కుర్చీతో పగలగొట్టి దూకాను. కాళ్ల నిండా గాజు ముక్కలు. పిల్ల మూలన ముడుచుకుని ఉంది, కింది దవడ పక్కకి జారి వేలాడుతోంది. పళ్లు నేల మీద ఉన్నాయి. అతను ఇంకోసారి రాడ్డెత్తాడు. గోడకి ఆనించిన హాకీ కర్ర తీసి ఆ మణికట్టు మీద కొట్టాను. విరిగింది, రాడ్డు పడిపోయింది. అతను చెయ్యి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత కూడా కొట్టాను. ఎన్నని అడక్కు, నాకు తెలియదు. డాక్టర్లు ఎడమ కన్ను పోయిందంటున్నారు.

పిల్ల దవడని తీగలతో కట్టారు. తాగడానికి గొట్టం. ఇటువైపు కళ్లు తిప్పి చూస్తుంది, ఏమీ అనదు. వాళ్లమ్మ స్టేషన్‌కి వెళ్తే ఇన్‌స్పెక్టర్ నీ సెక్షన్ తీసి వేలితో చూపించాడట, కేసు కట్టడానికి వీల్లేదని. నా మీద మాత్రం కట్టాడు, విధుల్లో ఉన్న భద్రతాధికారిని కొట్టానని. నిన్న సాయంత్రం దాకా స్టేషన్ బల్ల మీద కూర్చోబెట్టారు. సైన్సు టీచరు జామీను ఇచ్చి విడిపించింది.

అన్ని చట్టాల్లోనూ ఉండేదేనని చీటీ రాసిచ్చావే, ఒక్కసారి ఇక్కడికొచ్చి ఈ పిల్ల ముఖం చూసి మళ్లీ రాసివ్వు.

అక్క


ఇంటి నుంచి

అక్కా,

మూడు కాగితాలు చింపాక ఇది రాస్తున్నాను. నీ మరదలు నాతో మాట్లాడటం లేదు. ఆఫీసుకి సెలవు పెట్టాను.

నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. ఆ సెక్షన్ ఏ చట్టంలోంచి కోశానో రాయలేదు నీకు. పశువుల ఆసుపత్రుల చట్టం. పొడిచే ఎద్దునో, కరిచే కుక్కనో కట్టేటప్పుడు దెబ్బ తగిలితే యజమాని డాక్టరు మీద కేసు పెట్టకుండా రాసింది. అందులో 'పశువు' అని ఉన్నచోటల్లా కొట్టేశాను. 'అవసరమైన బలం' అన్నది మిగిలిపోయింది. నా కంటికి అది ఆనలేదు. ఆ ముసలాయన అడిగినప్పుడైనా తీసి చూసుకుని ఉంటే సరిపోయేది. మంత్రి నా వైపు చూశారన్న సంబరంలో చీటీ రాసిచ్చాను. నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం. ముందు ఇది విను.

ఇవాళ శాఖలో పెద్దవాళ్లని కలిశాను. ఆ సెక్షన్ 'ఏ పాఠశాల ఉద్యోగి మీదా' అంటుంది. నువ్వూ ఉద్యోగివే. 'విద్యార్థిని భద్రత కోసం సదుద్దేశంతో బలం ఉపయోగించాను' అని ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే నీ కేసు ఆ పూటే మూసేస్తారు. ఉద్యోగం ఉంటుంది. అతని మీదా ఏమీ ఉండదు, అది నిజమే. అతని తరఫువాళ్లు కూడా ఒప్పుకున్నారు. నీ మీద కేసూ, అతని మీద శాఖ విచారణా ఒకేసారి మూసేస్తారు.

లేకపోతే కన్ను పోయింది కాబట్టి ఏళ్లకి ఏళ్లు శిక్ష పడుతుందని లాయరు అన్నాడు. అక్కా, నాకు అమ్మ ముఖం గుర్తులేదు. జడలు వేసుకుని బడికెళ్తూ నన్ను చంకనేసుకుని తిరిగిన నీ ముఖమే గుర్తు. ఆ నువ్వు జైలు గదిలో ఉంటే నేను అన్నం ఎలా తినాలి? ఆ వాక్యం అబద్ధం కూడా కాదు. పిల్లని కాపాడ్డానికే కదా కొట్టావు. సంతకం పెట్టు. నీ కాళ్లు పట్టుకుంటాను.

తమ్ముడు


కోర్టు ఆవరణ,
సాక్షులు కూర్చునే బెంచీ

తమ్ముడూ,

నీ మీద కోపం పోలేదు. పోయిందని రాస్తే నువ్వే నమ్మవు. కానీ నీ ఉత్తరం చదివి ఏడ్చాను, అదీ నిజమే. చంకనేసుకుంటే నా జడలు పట్టుకుని గుంజి చంపేవాడివి, వెధవా.

సంతకం పెట్టలేదు.

మొదటి దెబ్బకి సంతకం పెట్టమంటే పెడతాను. అది పిల్ల కోసం కొట్టిందే. రాడ్డు కింద పడ్డాక కొట్టినవి నా కోసం కొట్టుకున్నాను. గోడ దూకిన కుర్రాడి వేళ్ల కోసం, కంకర మీద మోకాళ్ల కోసం, ఆ తలుపు బయట నేను నిలబడ్డ సేపటి కోసం. కొడుతుంటే హాయిగా ఉందిరా. అతని ముఖంలో ఆ రోజు చూశానని రాశానే, అదే నా ముఖంలోనూ ఉండే ఉంటుంది. దాన్ని సదుద్దేశమని రాస్తే, అతను రాసేది కూడా నిజమైపోతుంది.

ఇంకో సంగతి నీ లాయరు నీకు చెప్పలేదు. పిల్ల తల్లి ఫిర్యాదుని ఎవరూ తీసుకోరు. ఆ గదిలో ఏం జరిగిందో అడిగే కోర్టు ఇప్పుడు ఒక్కటే ఉంది, నన్ను విచారించే కోర్టు. నా కేసు మూసేస్తే ఆ పిల్లని ఎవరూ ఎప్పటికీ ఏమీ అడగరు. తీగలు విప్పారు, ముద్దముద్దగా మాట్లాడుతోంది. సాక్ష్యం చెబుతుందా అని వాళ్లమ్మని అడిగాను, పిల్లనీ అడిగాను. తల ఊపింది.

పొద్దున నన్ను బోనులో నిలబెట్టారు. జడ్జిగారు చదువుకున్న మనిషిలాగే ఉన్నారు, నన్ను కాపాడాలనే చూశారు. "మీరు చేసింది సదుద్దేశంతో చేసిన పనేనా?" అని అడిగారు. మీ శాఖవాళ్లు పంపిన లాయరు వెనక నుంచి నా చీర కొంగు గుంజుతున్నాడు, అనమ్మా అనమ్మా అని.

"కాదండి" అన్నాను. "కోపంతో కొట్టాను. చేతిలో రాడ్డు లేని మనిషిని కొట్టాను."

గదిలో గుసగుసలు. కట్టు కట్టిన కంటితో అతను మొదటి వరసలో కూర్చుని ఉన్నాడు. ఇద్దరివీ మూసేస్తారన్న ధీమాతో వచ్చినట్టున్నాడు, తన లాయరు వైపు తిరిగి ఏదో గట్టిగా అడిగాడు. జడ్జిగారు నన్ను మళ్లీ ఆలోచించుకోమన్నారు. ఆలోచించుకునే వచ్చానన్నాను, ఆ కోపం ఎందుకొచ్చిందో సాక్షుల్ని పిలిచి అడగమన్నాను. 

నాకు భయం లేదనుకోకు. శిక్ష పడుతుంది, తప్పదు. మేడ మీది గది ఖాళీ చేయాలి, సామాను నీ దగ్గర పెట్టుకో. ఆ సెక్షన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను కోర్టులో చెప్పలేదు. అది చెప్పాల్సింది నేను కాదు. చక్రాల కుర్చీ ఉంటుందో పోతుందో నాకు తెలియదు, నువ్వే వచ్చి ఈ బోనెక్కి చెప్పుకో.

ఇది రాస్తుండగానే బంట్రోతు బయటికొచ్చాడు. "మొదటి సాక్షిని పంపమంటున్నారు" అన్నాడు. పిల్ల నా పక్కనే కూర్చుని ఉంది. వాళ్లమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, ఒక్కతే లోపలికి వెళ్లింది.

అక్క